వలీ సార్ కుడిచెవి

2004 ఎండాకాలం. కర్నూలు పాతబస్టాండు దగ్గర నాకో రికార్డింగ్ షాపు ఉండేది. పాత రికార్డులు, క్యాసెట్లు సీడీలకెక్కించడం నా పని. భజనలూ నాటకాల పద్యాలూ శుభ్రం చేసీ చేసీ, వింతగా వినిపించిన ప్రతిదీ తప్పే అనుకునే చెవి తయారైంది నాకు.

ఒక సోమవారం, ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరైన వలీ సార్ ఒక డిస్కు తెచ్చారు. కాలేజీ రోజుల్లో ఆయన పిచ్చిగా విన్న, మత్తులో తేలినట్టుండే ఇంగ్లీషు సైకడెలిక్ రాక్ ఆల్బం. పాత టేపు నుంచి హై రిజల్యూషన్‌లో, అంటే మామూలు సీడీలో పట్టనంత వివరంతో, మళ్లీ విడుదల చేశారట. బెంగళూరు నుంచి శిష్యుడు పంపాడు. ఇంట్లో ప్లేయర్లో అది పాడదు, సీడీ చేసివ్వమన్నారు.

"గురువారం రెండింటి బస్సుకు హైదరాబాదు పోతాండా. కుడిచెవి నరం మీద గడ్డ ఉండాది. అది తీసేస్తే ఆ చెవి వినపడదంటాండారు. ఆలోపల రెండు చెవులతో ఒక్కసారి ఇది వినాలప్పా" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు. మా ప్లేయర్లో డిస్కు పెడితే గిటారు ఎడమ స్పీకర్లో మొదలై కుడివైపు పరిగెత్తుతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. వైరు లూజనుకున్నాను. సోల్డరింగ్ చేశాను, కేబుల్ మార్చాను, ప్లగ్గులు గీకాను. రెండు రోజులు తిండి సహించలేదు. ఆఖరికి బుధవారం రెండు ఛానెళ్లూ కలిపి మోనో చేసేశాను. అంటే ఎడమా కుడీ ఒకే శబ్దం. హమ్మయ్య, నిలబడింది అనుకుని ఆ సీడీయే ఇచ్చాను.

గురువారం పదకొండున్నరకు ఆయన సీడీతో తిరిగొచ్చారు.

"ఏమప్పా చంద్రా, పాట తిరగడంల్యా?"

"తిరుగుతాంటే రిపేరు చేసినా సార్."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "తల చుట్టూ తిరిగేదే దాని అందం. వాళ్లు కావాలనే అట్ల పెట్టినారు" అన్నారు.

సిగ్గేసింది. ఒంటిగంటకు కరెంటు కోత, రెండింటికి బస్సు. ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్సు ఇచ్చి, అసలు డిస్కే పెట్టాను. ఆయన వింటుండగానే సరైన కాపీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. ఆల్బం అయ్యేదాకా నేను కూర్చోలేదు. ఫ్యాను కాస్త మెల్లగా తిరిగినా కరెంటు పోతోందేమోనని పైకి చూసేవాణ్ణి. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, గిటారు ఎటు పోతే అటు గడ్డం తిప్పుతున్నారు.

అయిపోయాక కుడిచెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "శానా బాగుండాది" అని బస్సుకు వెళ్లిపోయారు. ఆ మోనో సీడీని విరిచి చెత్తబుట్టలో వేశాను.

ఆపరేషన్ అయ్యాక వాళ్లింటికి వెళ్లి, గిటారు అటూ ఇటూ తిరిగే స్టీరియో సీడీ ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండానే, తలకు మఫ్లరు చుట్టుకుని షాపుకొచ్చారు. నేను మాట్లాడితే ఎడమచెవి నావైపు తిప్పుతున్నారు.

"నువ్వు రిపేరు చేసిన సీడీ ఉండాదా?"

"విరిచేసినా సార్. అదెందుకు మీకు?"

"హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే, గిటారు కుడిపక్కకు పోయినప్పుడల్లా మాయమైపోతాంది. అది తిరిగొచ్చేదాకా కూచోని కాచుకుంటాండా. నీ దాంట్లో యాడికీ పోదు కదప్పా."

ఏ పని చేసినందుకు సిగ్గుపడ్డానో అదే పని మళ్లీ చేశాను. రెండు ఛానెళ్లూ కలిపే బటన్ నొక్కుతుంటే ఏడుపొచ్చింది. ఆయన అక్కడే ఎడమచెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని విన్నారు. ఈసారి గడ్డం కదల్లేదు.

అప్పటినుంచి ఎవరు ఏం తెచ్చినా, దీన్ని వినేదెవరు, ఎలా వింటారు అని ముందు అడుగుతాను. శబ్దంలో తప్పులు వెతకడం ఆ తర్వాతే.