మేక కొరికిన సొరపాదు

నేను చెప్తావుంటే మనవరాలు ఫోన్‌లో రాస్తా ఉండాది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

పొద్దున మేక దూరి మా లేత సొరపాదు కొన కొరికేసింది. "పీకేసి ఇంకోటి పెడదాంలే అవ్వా" అనింది ఇది. పీకితే చెయ్యి విరగ్గొడతా అన్నాను.

నా ఈడు ఆడోళ్ళారా, గుర్తుండాదా? తెగినచోట బూడిద అద్ది, కింది కణుపును మట్టిలో వంచి కప్పి, చుట్టూ కంప నాటి, బియ్యం కడిగిన నీళ్ళు పోసేవాళ్ళం. కణుపు కాడ కొత్త వేరు దిగేది.

నా చిన్నప్పుడు దుత్తలూరులో మా పుట్టింట్లో అట్టా పాదును బతికించింది మా చెల్లెలు సుబ్బులు. ఆరోజు దొడ్డి తడిక తీసిపెట్టి మేకను దూరనిచ్చింది నేను. అమ్మ అడిగితే "సుబ్బులే" అన్నాను. అమ్మ చీపురుకట్టతో కొట్టింది. అది ఏడుస్తా నా పక్క చూసింది గానీ నా పేరు చెప్పలా. "అక్కా, బతుకుతాదా?" అని రోజూ ఆ మట్టి తడిమి చూసేది.

పాదు పందిరెక్కి పూత పట్టే యేళకు, జొరమొచ్చి సుబ్బులు పోయింది. మొదటికాయ కూరొండితే అమ్మ ముద్ద మింగలేకపోయింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలా. అమ్మా పోయింది.

ఈ పొద్దున పాదుకు బూడిద అద్దతా ఉంటే, మా కోడలు ఈ మనవరాలి మీద చెయ్యెత్తింది. "తడిక నువ్వే తీసిపెట్టింటావు!"

"దాన్ని ముట్టుకోబాకు. పేడెత్తను పోతా తీసింది నేనే" అన్నాను.

అమ్మకు చెప్పాల్సిన మాట కోడలికి చెప్పినాను.