గడ్డి మెషిన్‌కు జ్వరం

మా దేవ్లన్నకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు, నడుస్తున్న బండిని ఆపడం. తాగుడు లేదు, బీడీ లేదు, పేకాట లేదు. బండి ఆపుతాడు, అంతే. ఆపి, దిగి, తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి పానం మంచిగ లేదు" అంటాడు. ఇక ఆ రోజుకు ఆ బండి కదలదు.

సత్తుపల్లి దాటాక భద్రాచలం వైపు అడవిలోకి పోయే రోడ్డొకటి చూసుకునే చిన్న సెక్షన్ ఆఫీసు మాది. నేనక్కడ జూనియర్ అసిస్టెంటును. వానలు పడితే ఆ రోడ్డుకు రెండు పక్కలా గడ్డి మనిషెత్తు లేస్తుంది. దాన్ని కొట్టడానికి మా దగ్గర ఒక మెషిన్ ఉంది. ట్రాక్టరు వెనక మోచెయ్యిలా వంగే పొడవాటి ఇనుప చెయ్యి, ఆ చేతి చివర మంచమంత డబ్బా. డబ్బాలో గిరగిరా తిరిగే రోలరు, దాని చుట్టూ వేలాడే నలభై ఎనిమిది బ్లేడ్లు. చెయ్యిని లేపేదీ, రోలరును తిప్పేదీ అంతా పైపుల్లో ఒత్తిడితో పరుగెత్తే నూనె. దాని అసలు పేరు హైడ్రాలిక్ ఫ్లెయిల్ మోవర్. మా ఆఫీసులో మాత్రం అందరూ ఫెయిల్ మోవర్ అనే పిలిచేవారు. అది నడిచిన రోజులూ ఆగిన రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తే, తప్పుగా పలికినవాళ్ళే సరిగ్గా పలికారేమో అనిపించేది.

ఆ మెషిన్‌ను నడిపేదీ, దానికి సేవ చేసేదీ దేవ్లన్నే. పొద్దున ఏడింటికే షెడ్డులో ఉంటాడు. నేను తొమ్మిదిన్నరకు వెళ్ళేసరికి కూడా గ్రీజు గన్ను పట్టుకుని దాని కింద పడుకునే కనిపిస్తాడు.

"ఇంకా బయల్దేరలేదా దేవ్లన్నా?"

"ఒక్క బ్లేడు ఇరిగింది ప్రసూనమ్మా."

"ఒక్కటే కదా. మార్చేస్తే అయిపోదా?"

ఆయన కిందనుంచి తల బయటపెట్టి నన్ను జాలిగా చూశాడు. "ఒక్కటెట్ల మారుస్తం? దాని ఎదురుంగున్నది గూడ మార్చాలె. ఒక దిక్కు కొత్తది, ఇంకో దిక్కు అరిగింది పెడ్తే బరువు సరిపోక రోలరు ఎగిరెగిరి పడ్తది. నువ్వు ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు ఏసుకొని ఉరుకుతవా?"

నేను ఉరకనని ఒప్పుకున్నాను.

ఇంకోసారి నూనె పైపు మీద తడి కనబడితే, ఎక్కడ కారుతోందో చూద్దామని వేలు చాపాను. షెడ్డు రేకులు అదిరేట్టు "చెయ్యి!" అని అరిచాడు. నా చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా కింద పడింది. ఆయన మెషిన్ చెయ్యిని నేలకు దించి, ఇంజను ఆపి, పైపుల్లో ఒత్తిడి పోయేదాకా లివర్లు అటూ ఇటూ ఆడించి, అప్పుడు నా వైపు తిరిగాడు. "కండ్లకు కానరాని బొక్కలకెల్లి నూనె సూది లెక్క వస్తదమ్మా. తోలు దాటి లోపటికి పోతది. దవాఖానల చెయ్యి కోసి కడగాలె. చూడాలంటె గిట్ల అట్టముక్క పెట్టి చూడాలె." ఆ రోజునుంచి షెడ్డు గోడకు నా పేరుతో ఒక అట్టముక్క వేలాడుతుండేది.

ఇదంతా ఆయన మెషిన్ దగ్గరే ఆగిపోతే బాగుండేది. ఒకసారి మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చి, వంటింట్లో మిక్సీ శబ్దం విని, కప్పు కింద పెట్టేశాడు. "దాని గొంతు బొంగురువోయింది. ఇయ్యాల రుబ్బొద్దు" అని వైరు పీకి చుట్టి పక్కన పెట్టాడు. ఆ రోజు మేము దోసెలు చట్నీ లేకుండా తిన్నాం. వాళ్ళ తండాలో బావమరిది కూతురి పెళ్ళికైతే డీజే మంచి ఊపులో ఉండగా జనరేటర్ ఆపేశాడు. వందమంది పైకెత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. "దీనికి దమ్ము ఆడ్తలేదు, ఫిల్టర్ ఊదాలె" అన్నాడట తాపీగా. ఆయన భార్య హేమ్లి ఈ సంగతి చెబుతూ నెత్తి కొట్టుకుంది. "ఇంట్ల ఫ్యాను గూడ తిరగనియ్యడు మేడమ్. మీదికి చూస్తడు, పాపం అలిసింది అంటడు. నేను అలిసిన్నని ఎన్నడన్న అన్నడా?"

మెషిన్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అనేది రిజిస్టర్లో రాయడం నా పని. సాయంత్రం ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు.

"పదిహేడో కిలోమీటరు కాడ ఆగింది."

"కారణం?"

"పైపుకు చెమట వట్టింది."

నేను 'హోస్ పైపులో స్వల్ప లీకేజీ' అని రాసేదాన్ని. 'రోలరుకు ఒళ్ళు నొప్పులు' అంటే 'అసాధారణ ప్రకంపనలు'. 'బేరింగుకు జ్వరం' సులువు, 'అధిక వేడి'. ఒకరోజు మాత్రం చాలాసేపు గోడవైపు చూసి, "ఏం లేదమ్మా, ఊకెనే దిగులువడ్డది" అన్నాడు. నేను అరగంట ఆలోచించి 'సాధారణ పనితీరులో మందగమనం' అని రాశాను. ఆ వాక్యం చూసి నాకే నా మీద గౌరవం పెరిగింది.

ఇలా రోజులు గడుస్తుండగా మాకు కొత్త అసిస్టెంట్ ఇంజనీరు వచ్చాడు. పేరు భాస్కర్, ముప్పై దాటని వయసు, ఊరు వైరా. వచ్చిన వారంలోనే రిజిస్టర్ మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక సాయంత్రం దేవ్లన్నను పిలిచాడు.

"దేవ్లా గారూ, ఒక్క సంవత్సరంలో నలభై మూడుసార్లు ఆగిందండి మీ మెషిన్."

"నలభై మూడేనా సార్?" అన్నాడు దేవ్లన్న. కొంచెం తక్కువైనట్టే చూశాడు.

"ఇది మెషినా, పేషెంటా? ఖమ్మం నుంచి మెకానిక్‌ను పిలుస్తున్న. పనికిరాదంటే వేలానికి పెట్టేద్దాం. మీరు ఖమ్మం స్టోర్ల కూర్చోవచ్చు. ఆరాం డ్యూటీ."

దేవ్లన్న మెల్లగా అడిగాడు. "స్టోర్ల తిరిగేటియి ఏమన్న ఉంటయా సార్?"

"ఏం తిరగవు. పొద్దున షట్టర్ లేపుడు, సాయంత్రం దించుడు."

"షట్టర్‌కు గ్రీజు పెట్టనిస్తరా?"

భాస్కర్ సార్ కంప్యూటర్ వైపు తిరిగాడు. నాకైతే ఆ ప్రశ్నకు నవ్వాలో వద్దో తెలియలేదు. దేవ్లన్న వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర తలుపు బందు కిర్రుమంటే కూడా ఆగలేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

రెండు రోజుల తర్వాత మెకానిక్ రాంబాబు సంచి నిండా సామాను వేసుకుని వచ్చాడు. మెషిన్ చుట్టూ మూడు గంటలు తిరిగాడు. నూనె తీసి వెలుగులో పెట్టి చూశాడు. బేరింగులు కదిపాడు. బెల్టు నొక్కాడు. బ్లేడ్లన్నీ ఒక్కొక్కటే ఆడించాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, ఒక మాట అడగొచ్చా?" అన్నాడు.

"చెప్పండి. వేలానికేనా?"

"ఈ మెషిన్ మేం కొనుక్కోవచ్చా? మా షోరూంల ఉన్న కొత్తదాని కంటే మంచిగుంది. దీనికి ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ రిపేర్ వచ్చినట్టు లేదు."

భాస్కర్ సార్ చేతిలో ఉన్న కాగితాల వైపు చూశాడు. నలభై మూడు. తర్వాత దేవ్లన్న వైపు చూశాడు.

"ఇప్పుడు తగ్గింది సార్" అన్నాడు దేవ్లన్న, నేల చూపులు చూస్తూ.

"ప్రసూన గారూ, రిజిస్టర్ తీస్కోండి. ఎక్కడెక్కడ ఆగిందో పోయి చూద్దాం. దేవ్లా గారూ, మీరు గూడ జీపెక్కండి."

అది సెప్టెంబరు నెల, బతుకమ్మ పండుగ ఇంకో వారం ఉంది. పదిహేడో కిలోమీటరు రాయి దగ్గర జీపు దిగామో లేదో, నాకు విషయం సగం అర్థమైపోయింది. రోడ్డు అంచున ఒక మూర వెడల్పున గడ్డి శుభ్రంగా కోసి ఉంది. దాని వెనక, అడవి మొదలయ్యేదాకా, గునుగు పూలు తెల్లగా, మోకాలెత్తున విరగబూసి ఉన్నాయి. వాటి మధ్యలో తంగేడు పసుపు. అయిదారుగురు కోయ ఆడవాళ్ళు వంగి పూలు కోసి కట్టలు కడుతున్నారు. వాటిని సత్తుపల్లి, ఖమ్మం బజార్లలో బతుకమ్మకు అమ్ముతారు.

వాళ్ళలో పెద్దామె నడుము పట్టుకుని లేచింది. పేరు జంపక్క, అరవై దాటి ఉంటాయి. దేవ్లన్నను చూసి నవ్వబోయి, పక్కన ఉన్న మమ్మల్ని చూసి నవ్వు మింగేసింది.

"ఇక్కడ గడ్డి మెషిన్ ఎందుకు ఆగుతదమ్మా?" అడిగాడు భాస్కర్ సార్.

"ఏమో సారూ. ఈడికొచ్చేవరకు కరాబయితది. పాపం ఆయన ఎండల కూసుండి తుడుస్తనే ఉంటడు. మేం పూలు తెంపుకొని పోయినంక రెండొద్దులకు బాగయితది."

"పూల కాలంలనేనా?"

"లే సారూ. వానల్ల బోడకాకర కాసినప్పుడు గూడ. ఆ పొదల నిండ తీగెలే." ఆమె పక్కన ఉన్న చిన్నామె కూడా ఉత్సాహంగా అందుకుంది. "పూరేడు పిట్ట గుడ్లు పెట్టినప్పుడు గూడ ఆగిందిగ, ఆ మర్రి చెలక కాడ." జంపక్క మోచేత్తో ఆమెను పొడిచింది.

నేను రిజిస్టర్ తిరగేశాను. జూన్, ఇరవై రెండో కిలోమీటరు, మందగమనం. అది పిట్ట దిగులన్నమాట. జూలైలో వరుసగా నాలుగు లీకేజీలు, అన్నీ బోడకాకర. నేను కష్టపడి రాసిన ఆఫీసు భాషంతా పూలూ కాయలూ గుడ్లే.

భాస్కర్ సార్ ముఖం ఎర్రబడింది. "బాగానే ఉంది. కానీ గడ్డి కొయ్యకపోతే మలుపుల్ల ఎదురొచ్చే బండి కనబడదు. ఎవరన్న గుద్దుకుంటే ఎవరిది జిమ్మేదారి?"

దేవ్లన్న ఆ రోజు మొదటిసారి తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు. "రిజిస్టర్ చూడుండ్రి సార్. ఒక్క మలుపు కాడ ఆగినట్టున్నా, నేను ఇప్పుడే ఖమ్మం పోత."

చూశాను. మా రోడ్డులో ఇరవై ఒక్క మలుపులున్నాయి. నలభై మూడు జబ్బుల్లో ఒక్కటి కూడా మలుపు దగ్గర రాలేదు.

"మరి నాకు చెప్పొచ్చు కదా దేవ్లా గారూ?"

"చెప్తే మీరు పైకి లెటర్ రాస్తరు సార్. పైనోళ్ళు ఇంకా పైకి రాస్తరు. పర్మిషన్ వచ్చేవరకు పూలు ఎండిపోతయి."

భాస్కర్ సార్ జీపు వైపు నడిచాడు. తాను వచ్చిన వారంలో పంపిన లెటర్లకు ఇంకా జవాబు రాలేదన్న సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉండాలి. మర్నాడు పొద్దున నా బల్ల మీద ఆయన చేత్తో రాసిన కాగితం ఉంది. 'గడ్డి కోత పట్టిక: మలుపులు, వంతెనలు ముందు. పదిహేడో కిలోమీటరు, బతుకమ్మ తర్వాత. ఇరవై రెండో కిలోమీటరు, పిట్టపిల్లలు ఎగిరిపోయాక.' కింద సంతకం. దేవ్లన్న ఆ కాగితం చదివించుకుని, సంతోషపడాల్సింది పోయి దిగాలుపడ్డాడు.

"ఇగ నేను ఏమని చెప్పి ఆపాలె ప్రసూనమ్మా?"

పండుగ అయిపోయిన ఆదివారం జంపక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. గడ్డి మెషిన్ పేర ముత్యాలమ్మకు కోడి మొక్కు ఉందని, ఆఫీసు వాళ్ళంతా మధ్యాహ్నం భోజనానికి రావాలని. వెళ్ళాం. చెట్ల కింద విస్తరాకులు వేసి వడ్డించారు. కోడికూర ఘాటు అడవి అవతలికి తెలిసేట్టుంది. అందరూ తింటున్నారు, దేవ్లన్న మాత్రం ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు.

"తినవేంది తమ్మీ?" అంది జంపక్క.

"ఎట్ల తినాలె అక్కా? రోగమే లేని బండికి తగ్గాలని మీతోటి కోడిని మొక్కిచ్చిన. అమ్మవారికి గూడ అబద్ధం చెప్పినట్టయింది." చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

ఆడవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. జంపక్క గరిటె పట్టుకున్న చేతినే నడుం మీద పెట్టుకుంది.

"మాకు ఎరుక లేదనుకున్నవా? కరాబైన బండి కాడ ఎవడన్న ఈలలు ఏసుకుంట బోల్టులు తుడుస్తడా? మొదటి ఏడే తెలిసింది మాకు. మొక్కు బండికి గాదు తమ్మీ, నీకు. ఆఫీసోళ్ళకు దొరకొద్దని."

భాస్కర్ సార్ చేతిలో ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. "ఆఫీసోళ్ళంటే... మేమే కదా?"

"అవ్ సారూ, మీరే." జంపక్క ఏమాత్రం తడబడలేదు. ఆయన ఆకులో ఇంకో రెండు ముక్కలు వేసింది. "దొరికిండు గని, ఇడిసిపెట్టిండ్రు గద. సగం మొక్కు తీరినట్టే. తినుండ్రి."

లేవబోయిన దేవ్లన్న మళ్ళీ మఠం వేసుకుని కూర్చున్నాడు. ఆకు కొంచెం ముందుకు జరిపాడు.

"అయితె మిగిలిన సగం ఇటెయ్యి అక్కా" అన్నాడు.