ఆట ఆపితే ఏడ్చే ఉడుత

మీ పిల్ల ఆడుతున్న ఆటను ఎప్పుడైనా మీ వేలితో మీరే ఆపారా? ఫోను లాక్కోవడం గురించి కాదు నేను అడుగుతున్నది. అది అందరం చేస్తాం, చేసి గొప్ప క్రమశిక్షణ నేర్పామని చెప్పుకుంటాం. ఆటలో ఒక మూల చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి, అప్పుడు ఆటలోని బొమ్మ ఏమంటుందో నిలబడి విన్నారా? విని ఉండరు. నేనూ వినలేదు. పైగా ఒక ఆటలో బొమ్మ అనే ఆ మాట రాసింది నేనే.

కృష్ణానగర్‌లో మూడంతస్తుల ఇంటి పై వాటా నాది. వయసులో ఉన్నప్పుడు సభలకెక్కి, నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, ఇందులో మహిమ లేదు, నోట్లో తడి ఉంది అంతే అని జనానికి చూపించేవాణ్ణి. బాబాలతో, జాతకాలవాళ్లతో వాదించడానికి ఒక జీవితం, పొట్టకూటికి డబ్బింగ్ మాటలు రాయడానికి ఇంకో జీవితం. రెండూ ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా గడుపుకొచ్చాను.

నా కింది వాటాలో ఒక డబ్బింగ్ ఆర్టిస్టు ఉంటుంది. భీమవరం వైపు అమ్మాయి. నన్ను బాబాయ్‌గారూ అంటుంది. ఫిల్మ్‌నగర్ అంతా ఎవరిని పడితే వాళ్లను గురువుగారూ అనే చోట, ఆ ఒక్క పిలుపు కోసమే నేనామెను ఇష్టపడ్డానేమో. ఆమెకు ఆరేళ్ల కూతురు. ఆ పిల్ల పుట్టకముందు నుంచీ ఒక పిల్లల కార్టూన్‌లో ఉడుతకు తెలుగు గొంతు ఆమెదే.

ఆ కార్టూన్ మంచిది. ఇలాంటి మాట నా నోట అరుదుగా వస్తుంది. అందులో ఉడుత ప్రతిదానికీ ‘ఎందుకు?’ అంటుంది. చెట్టు మీద దయ్యముందంటే ఎక్కి చూస్తుంది. తాయెత్తు కట్టుకుంటే వాన కురుస్తుందని చెప్పే నక్కను, మరి నీ గుహలో కుండ ఎందుకు ఎండిపోయిందని అడుగుతుంది. నేను జీవితమంతా వేదికల మీద గొంతు చించుకుని చెప్పిన సంగతి, ఆ ఉడుత పావుగంటలో చెప్పేది. పైగా దాని మాట వినేవాళ్లుండేవారు.

ఆ ఉడుతతో వీడియో గేమ్ చేస్తున్నారని, కార్టూన్ తెలుగు హక్కులున్న జూబ్లీహిల్స్‌లోని ఒక గాజు తలుపుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. తెలుగు మాటలు నేను రాయాలి, గొంతు ఆమె ఇవ్వాలి. ఇద్దరం సంబరపడ్డాం.

ఇక్కడ మా పని పద్ధతి కొంచెం చెప్పాలి, తప్పంతా అక్కడే జరిగింది కనుక. సినిమాకైనా కార్టూన్‌కైనా డబ్బింగ్ చెప్పేటప్పుడు ఎదురుగా బొమ్మ ఆడుతుంది. ఎవరు ఎవరితో అంటున్నారో కనిపిస్తుంది. నోరు తెరిస్తే మాట మొదలవ్వాలి, మూస్తే అయిపోవాలి. గేమ్‌కి బొమ్మ చూపించరు. ఒక పొడుగాటి షీటు ఇస్తారు. అంకె, మాట, పక్కన భావం. ‘హాయ్ ఫ్రెండ్ - సంతోషం.’ ‘అమ్మో నీళ్లు - భయం.’ ఆ మాట ఆటలో ఎక్కడ వస్తుందో షీటులో ఉండదు. మేము అడగం. ఇది ఎక్కడొస్తుందండీ అని అడిగినవాణ్ణి కొత్తవాడంటారు మా దగ్గర, తర్వాతిసారి పిలవరు. పేజీ పెడితే పలకాలి, అదీ పనితనం.

ఉడుత షీటులో ఒక వరుస, వెళ్లొద్దు అన్న అర్థంలో, చప్పగా ఇంగ్లీషులో ఉంది. పక్కన ‘ఏడుపు’ అని రాశారు. తల్లి ఉడుత దూరమయ్యే ఘట్టం అనుకున్నాను. చప్పగా ఉన్నది నాకు నచ్చలేదు. ‘వెళ్ళిపోతున్నావా? నువ్వూ వెళ్ళిపోతే నాకెవరున్నారు?’ అని రాశాను. ఆ ‘నువ్వూ’ దగ్గర దీర్ఘం చూసుకుని మురిసిపోయాను కూడా. ఆమె కూడా తల్లి ఘట్టమే అనుకుంది. ఫిల్మ్‌నగర్ స్టూడియోలో మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, గొంతు నిజంగా పగిలేలా చెప్పింది. గాజు అవతల కూర్చున్న సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, “మేడం, రెండో టేక్ వద్దు. నాకే ఏడుపొచ్చింది” అన్నాడు. ఆ రోజు ముగ్గురం గర్వంగా టీ తాగాం. నలభై ఏళ్లు జనాన్ని ‘ఎందుకని అడగండి’ అని ఊదరగొట్టినవాణ్ణి, నా చేతిలో కాగితం గురించి ఒక్కసారి అడగలేదు.

ఆట బయటికొచ్చింది. ఆమె తన పాత ఫోనులో వేసి కూతురికిచ్చింది. అమ్మ గొంతున్న ఆట అని చెప్పలేదు. ఉడుత ఉడుతే అని నమ్మే వయసు, ఎందుకు పాడుచేయాలనుకుందట.

ఆ ఆటలో మంచే లేదా అంటారేమో. ఎదుటి పక్షం బలం ఒప్పుకోలేనివాడు వాదనకు పనికిరాడు, కనుక ఒప్పుకుంటాను. తెలిసిన ఉడుత కాబట్టి పిల్ల మొదటిరోజే బెరుకు లేకుండా ఆటలోకి నడిచింది. అందులో తలుపు మీద మాట చదివితేగానీ తలుపు తెరుచుకోదు కాబట్టి, బడిలో ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్ల కూడబలుక్కుని ఒత్తులు చదివేసింది. ఉడుత వాగులో పడితే మూతి ముడుచుకోకుండా మళ్లీ మొదలుపెట్టడం నేర్చింది. మెట్ల మీద నా పక్కన కూర్చుని, “తాతా, గీడ గెంతితే పడతం, జర ఆగాలె” అని నాకే పాఠం చెప్పింది. తల్లి భీమవరం, పిల్ల మాత్రం అచ్చంగా ఈ గల్లీది. అంతే. ఆ ఆట మంచితనం అక్కడితో సరి.

మిగిలిందంతా దోపిడీ. టీవీలో ప్రశ్నలతో నక్క నోరు మూయించిన ఉడుత, ఇక్కడ నక్క నెత్తి మీద గెంతుతుంది. గెంతితే గింజలు రాలతాయి. మళ్లీ గెంతాలి. ఉడుత తీసేసి కప్పను పెట్టినా, కప్పను తీసేసి ఇటుకను పెట్టినా ఆట అదే. ఉడుత తోక తీసుకున్నారు, గొంతు తీసుకున్నారు, బుర్ర మాత్రం టీవీలోనే వదిలేశారు. నేను రాసిన మొత్తం షీటులో ‘ఎందుకు’ అన్న మాట ఒక్కటి లేదని నాకు అప్పుడు తట్టింది. దీనికి తోడు రోజూ ఒక అదృష్ట చక్రం. చక్రం తిప్పితే తాయెత్తు వస్తుంది, తాయెత్తు కట్టుకుంటే ఉడుత ఎత్తుకు గెంతుతుంది. తాయెత్తుల నక్కను నవ్వులపాలు చేసిన ఉడుత మెడలోనే తాయెత్తు కట్టారు. నేను చూసిన దొంగ బాబాలు మరీ ఇంత బరితెగించినవాళ్లు కారు. వాళ్లు కనీసం పెద్దవాళ్లను మోసం చేసేవారు.

ఇంతవరకే అయితే నా అలవాటు ప్రకారం తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఒక సోమవారం పొద్దున కింద బడి ఆటో హారన్ మీద హారన్ కొడుతోంది. కింది వాటాలో పిల్ల ఏడుపు, తల్లి అరుపు. అంతకు ముందు వారం కూడా పిల్ల రెండు రోజులు బడి ఎగ్గొట్టింది. పక్కింటి పిల్లలు పిలిచినా వెళ్లడం లేదు. మొండితనం ముదిరిందని తల్లి అనుకుంటోంది. నేను దిగి వెళ్లేసరికి పిల్ల ఫోనును పొట్టకు అదుముకుని మంచం మూల నక్కింది. నన్ను చూసి, నేనైనా అర్థం చేసుకుంటాననుకుందేమో, బతిమాలుతున్నట్టు చెప్పింది.

“నేను పోతే అది ఏడుస్తది తాతా. దానికి ఎవ్వరూ లేరంట.”

వంటింట్లో బియ్యం డబ్బా పక్కన చార్జరుకు ఎదురుగా ఒక చిన్న గిన్నె, అందులో ఎండిన ఇడ్లీ ముక్కలు కనిపించాయి. ఆట ఆపకుండా ఫోనును రాత్రంతా అక్కడే పెడుతోందట, ఉడుత ఒంటరిగా, ఆకలితో ఉండకూడదని.

ఏదీ చూపించు అన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. తల్లి వంగి, పిల్ల చేతుల్లోనే ఫోను తిప్పి, ఇంటూ గుర్తు నొక్కింది. ఉడుత రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుంది. ‘వెళ్ళిపోతున్నావా? నువ్వూ వెళ్ళిపోతే నాకెవరున్నారు?’

అదే పగిలిన గొంతు. అదే నా దీర్ఘం. పిల్ల గబుక్కున ‘ఉంటాను’ అన్న మీట నొక్కేసింది.

ఆమె గోడకానుకుని కూర్చుండిపోయింది. “అమ్మ పోయిన సీన్ అనుకున్నాను బాబాయ్‌గారూ” అంది. నేను కూడా అదే అనుకున్నానని చెప్పలేకపోయాను. చెప్తే అది సాకు అయ్యేది. కింద ఆటో వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్లాం. మేనేజరు కుర్రవాడు మర్యాదగానే ఉన్నాడు. కాఫీ ఇప్పించాడు. ఆ ఒక్క మాట తీసేయమని అడిగాం.

“సర్, అదే మన బెస్ట్ లైన్” అన్నాడు, నన్ను పొగుడుతున్నాననుకుని. “అది పెట్టాక పిల్లలు ఎగ్జిట్ అవ్వట్లేదు సర్. ఎమోషనల్ కనెక్ట్.”

నా రాతకు జీవితంలో దొరికిన అతి పెద్ద మెప్పు అదే. ఉమ్మి వేయడానికి కూడా తగని మెప్పు.

ఇంకా చెప్పాడు. రెండో షీటు సిద్ధంగా ఉందట. పిల్ల మూడు రోజులు ఆడకపోతే ఉడుతకు జ్వరం వస్తుంది, మూలుగుతూ పిలుస్తుంది. ఆ మూలుగులు ఆమె రికార్డు చేయాలి. ఆమె చేయనంటే ఇంకో గొంతు చూస్తారు, అప్పుడు టీవీలో కూడా ఆ గొంతే పెడతారు, రెండు చోట్లా ఒకే గొంతుంటే బాగుంటుంది కదా అన్నాడు. బెదిరింపులా అనలేదు. భోజనానికి ఏం తెప్పించమంటారు అన్నట్టు అడిగాడు.

ఏళ్ల తరబడి ఆమెకు ఫిల్మ్‌నగర్‌లో ఉన్న గుర్తింపంతా ఆ ఉడుతే. నేను వాదనకు గొంతు సవరించుకుంటున్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

“నా పిల్లను నేను బడికి వెళ్లమంటానండీ. నా గొంతే దాన్ని వెళ్లొద్దంటోంది. నాతో నేను పోటీపడి ఎలా గెలుస్తానండీ?” అంది. రెండో షీటును బల్ల మీద వాళ్ల వైపు తిప్పి పెట్టి లేచింది.

ఇంటికొచ్చాక, పిల్లకు ఎలా చెప్పాలని ఆమె నన్ను అడిగింది. నాకు తెలిసినది ఒక్కటే విద్య. మహిమ ఎలా చేస్తారో విప్పి చూపించడం.

మెట్ల మీద పిల్లను కూర్చోబెట్టాం. తల్లి బీరకాయ చెక్కు తీస్తోంది. ఇంటూ నొక్కమన్నాను. ఉడుత ఏడ్చింది. వెంటనే తల్లి, చేతిలో చాకు ఆపకుండా, పొడి కళ్లతో, అదే మాట అదే గొంతుతో అంది. పిల్ల ఫోను వైపు చూసింది, తల్లి నోటి వైపు చూసింది. లేచి వెళ్లి తల్లి గొంతు మీద చెయ్యి పెట్టింది.

“మళ్లీ అను.”

మళ్లీ అంది. చాలాసార్లు అనిపించుకుంది. చివరికి పిల్ల నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. నా సభల్లో గుట్టు విప్పగానే జనం కొట్టిన చప్పట్లు తలుచుకుని సిగ్గేసింది.

“అయితే టీవీలో కూడా నువ్వేనా?” అంది. తల్లి అవునంది. “అయితే ఉడుత లేదా?”

తల్లి చాకు కింద పెట్టింది.

మర్నాడు పిల్ల బడికి వెళ్లింది. వెళ్లేముందు తనే ఇంటూ నొక్కి, ఏడుపు మొత్తం విని, “అమ్మా, నువ్వు ఏడుస్తున్నవ్” అని తల్లికి చెప్పి ఫోను పక్కన పడేసింది. ఆ రోజు నుంచి కార్టూన్ కూడా చూడటం మానేసింది. ఇప్పుడు టీవీలో ఉడుతకు వేరే గొంతు. పిల్ల తల్లి సీరియళ్లలో అత్తగార్లకు డబ్బింగ్ చెబుతోంది. ‘ఎందుకు?’ అని అడిగే ఒక స్నేహితురాలిని ఆ పిల్ల దగ్గరి నుంచి లాక్కున్నది ఆ ఆట, ఆ ఆటకు మాట కూర్చింది నేను. ఈ లెక్కలో నాకు మినహాయింపు ఏమీ అడగడం లేదు.

మా ఇంట్లో కనీసం ఆ గొంతు మనిషి ఉంది. మీ ఇంట్లో లేదు. మీ పిల్లకు చూపించడానికి బీరకాయ చెక్కు తీసే ఉడుత లేదు. కాబట్టి ఆ పని మీరే చేయాలి. ఈ సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటూ గుర్తు మీరు నొక్కండి. బొమ్మ ఏమంటుందో ఇద్దరూ పూర్తిగా వినండి. అది బతిమాలినా, ఏడ్చినా, జ్వరమొచ్చిందన్నా, ఈ మాట ఒక గదిలో కూర్చుని ఎవరో రాశారు, ఇంకెవరో మైకు ముందు ఏడ్చారు, నువ్వు కదలకూడదనే ఇక్కడ పెట్టారు అని చెప్పండి. మళ్లీ నొక్కి మళ్లీ వినిపించండి, పిల్లకు విసుగొచ్చేదాకా. తర్వాత ఆ ఆటను ఫోనులోంచి తీసేయండి. ఎందుకని పిల్ల అడిగితే, కసరకుండా జవాబు చెప్పండి.