అటునుంచి చెప్పమనే బాబాయి

బాబాయి పోయారని పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఒక్కరి మాట మీద దేన్నీ నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే. పక్కిల్లే కదా అని గోడ మీంచి తొంగి చూశాను. ఆ వేళకి పాలపాకెట్ మీద తేదీ చదువుతూ వరండాలో నిలబడాల్సిన మనిషి లేరు. పాకెట్ మెట్టు మీద అలాగే పడుంది. లోపల్నుంచి పిన్ని ఏడుపు వినబడింది. ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. నిద్రలోనే పోయారట.

ఆయన మాకు చుట్టం కాదు. నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు భిలాయి వచ్చారు, స్టీల్ ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేశారు, రిటైరయ్యాక నెహ్రూ నగర్‌లో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. నాన్నది రైలు పట్టాలు తయారుచేసే పని. బాబాయిది వాటిని అనుమానించే పని. ఇన్‌స్పెక్టరు. ప్రతి పట్టానీ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి చూసి, మళ్ళీ ఆ కొస నుంచి వెనక్కి నడుస్తూ చూసేవారట. ఒక వైపు వెలుతురులో దాగిన పగులు రెండో వైపు నుంచి బయటపడుతుందని. "ఇటునుంచి చూసిన పట్టా సగవే చూసినట్టమ్మా" అనేవారు.

ఉద్యోగం నుంచి దిగారు గానీ ఆ చూపు దిగలేదు. కూరలవాడి తరాజు, శుభలేఖలో ముహూర్తం, బ్యాంకు పేరుతో వచ్చే ఫోను, అన్నీ అనుమానమే. "పెళ్ళిచూపుల్లో నన్ను రెండుసార్లు నడిపించారమ్మా ఈ మానవుడు, అటొకసారి, ఇటొకసారి" అని పిన్ని మూతి తిప్పేది. ఇంకో గుణం కూడా ఉండేది. కనిపెట్టింది కడుపులో దాచుకోలేరు. "లోపం చూసి చెప్పనోడూ, లోపం చేసినోడూ ఒకటే" అనేవారు.

రెండేళ్ళ కిందట నాకో పుస్తకం పార్సెల్లో వచ్చింది. నేను లేనని కొరియరతను బాబాయి చేతిలో పెట్టిపోయాడు. అట్ట ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి ఆయన చదవగలిగినంతా చదివేశారు.

"ఏటమ్మా ఇది? దొంగ పాస్‌పోర్టులంట, మారుపేర్లంట! పైగా పాచికలు! జూదవా, దేశద్రోహవా? ఏదో ఒకటి చెప్పీ."

ఆట అని చెప్పాను. నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళం తలొక గూఢచారి పాత్ర తీసుకుని ఏం చేస్తామో నోటితో చెప్తాం, అది పారిందో లేదో పాచిక తేలుస్తుంది. రాక్షసులూ మంత్రాలూ ఉన్న ఇలాంటి ఆటలు అదివరకు చాలా ఆడాం. ఇది మాత్రం ఇప్పటి కాలంది. సీసీ కెమెరాలు, ఫోన్లు, అబద్ధపు ఉద్యోగాలు. ప్రతి పాత్రకీ ఒక కాగితం ఉంటుంది. తెలిసినదేమిటి, దాచేదేమిటి, పైకి చెప్పుకునే బతుకేమిటి అన్నీ అందులో రాసుకోవాలి. ఆ పుస్తకం కోసం నెలల తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాను. చెప్తూ చెప్తూ నా గొంతు పెరిగిపోయింది కాబోలు, ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఒక్క రోజు ఇయ్యి" అన్నారు.

ఎనిమిది రోజులు ఇవ్వలేదు. తిరిగొచ్చేసరికి దానికి ఖాకీ అట్ట వేసుంది, పేజీకి రెండు ఎర్రపెన్సిల్ ప్రశ్నార్థకాలు. మనిషిని వెంబడించే అధ్యాయం పక్కన "రాసినవాడు ఎవరి వెనకా నడిచి ఉండడు" అని ఉంది. తను మాత్రం నడిచి చూశారు. మార్కెట్‌కి వెళ్తున్న నాన్న వెనకాలే వెళ్ళి, షుగరున్న మనిషి నిలబడి జిలేబీ తింటుండగా పట్టుకుని, గంటలో వచ్చి నాకు చెప్పేశారు.

పాచికల్ని కూడా వదల్లేదు. పిన్ని వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి, గ్లాసు నీళ్ళలో ఇక కరగనంతదాకా కలిపి, ఒక్కో పాచికనీ అందులో తేల్చారు. వేలితో తడితే ప్రతిసారీ వేరే ముఖం పైకి రావాలి. ఒక ఇరవై ముఖాల పాచిక మాత్రం పదే పదే ఒకే ముఖం చూపించింది. దాని మీద సుద్దముక్కతో ఇంటూ మార్కు కొట్టి "రిజెక్ట్" అన్నారు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

ఆ ఆదివారం నుంచి కథ నడిపేది ఆయనే. ఆయన వరండాలో మధ్యాహ్నం మూడింటికి నేను, రుఆబాంధా నుంచి ఒక టీచరు, దుర్గ్‌లో మొబైల్ షాపు నడిపే స్నేహితుడు చేరేవాళ్ళం. గూఢచారి తిరిగొచ్చి నివేదిక ఇచ్చేటప్పుడు ఆయన పుస్తకంలో రూలు పక్కనపెట్టి మిల్లు రూలు పెట్టారు.

"అటునుంచి చెప్పు" అనేవారు. చివర జరిగింది ముందు, దాని ముందరిది తరవాత. "ఝూట్, అబద్ధం అన్నదాన్ని మనిషి మొదట్నుంచి బట్టీ కొడతాడమ్మా. వెనక్కి నడవలేడు."

కిందటేడు నా ఉద్యోగం పోయింది. ఇంట్లోంచే చేసే కంప్యూటరు ఉద్యోగం. అది వచ్చినప్పుడు నాన్న వీధంతా మిఠాయి పంచారు. ఆ వీధిలో ఆయన తలదించుకుని నడవడం నేను చూడలేననుకున్నాను. అందుకే చెప్పలేదు. రోజూ తొమ్మిదిన్నరకి గది తలుపేసుకుని, సాయంత్రం ఆరు దాకా వేరే ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకునేదాన్ని. నెలకొకసారి రాయపూర్ ఆఫీసుకని బస్సెక్కి, సగం దారిలో కుమ్హారిలోనే దిగి, ఒక టీకొట్లో కూర్చుని వచ్చేసేదాన్ని.

ఒకరోజు గోడ దగ్గర బాబాయి మామూలుగా అడిగినట్టే అడిగారు. "నిన్న రాయపూర్ ఎల్లావు కదా. అటునుంచి చెప్పు."

నవ్వుతూ మొదలెట్టాను. బస్సు దిగాను, దానికి ముందు ఎక్కాను, దానికి ముందు... ఆఫీసు మెట్లు దిగానో, లిఫ్టులో వచ్చానో చటుక్కున చెప్పలేకపోయాను. ఆయన తల ఊపి మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం బాబాయి నడిపిన కథలో నా గూఢచారిని ఆఫీసు వదిలేసింది. పేరు కొట్టేశారు, ఫోను పనిచేయదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను పాత్ర కాగితంలో తల దూర్చేస్తే, మొబైల్ షాపు స్నేహితుడు అమాయకంగా "ఆఫీస్ వదిలేస్తే క్యా హువా దీదీ, మేం ఉన్నాం గదా" అన్నాడు. అందరూ వెళ్ళాక నేనే సంగతి బయటపెట్టేశాను.

"బాబాయ్, నాన్నకి చెప్పకండి."

"నాకేటి తెల్సని చెప్తానమ్మా?" అన్నారు, పాచికలు డబ్బాలో వేసుకుంటూ.

ఆ మాట నేను నమ్మలేదు. లోపం చూసి చెప్పకుండా ఉండగల మనిషా ఆయన? అయిదు నెలలు గోడ దగ్గర ఆ ఇద్దర్నీ కాపలా కాశాను. నేను వస్తే మాట ఆపేసేవారు. వెంటనే క్రికెట్ మొదలయ్యేది. బాబాయికి క్రికెట్ పడదు! చెప్పేశారా, చెప్పబోతున్నారా అని అన్నం సయించేది కాదు. ఆయన పెట్టే పకోడీ తింటూనే ఆయన్ని లోలోపల తిట్టుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. వేసవిలో వేరే ఉద్యోగం దొరికింది. కంపెనీ మారానని నాన్నకి చెప్పి, గండం గడిచిందనుకున్నాను.

పన్నెండో రోజు కర్మ అయ్యాక నాన్న నన్ను పిలిచి, కళ్ళజోడు డబ్బాలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చారు. మా ఆటలో పాత్రలకి వాడే కాగితమే. ఎర్రపెన్సిల్‌తో నింపి ఉంది.

పాత్ర: తండ్రి. తెలిసినది: అంతా. పైకి చెప్పేది: ఏమీ లేదు. కింద వరసగా: భోజనానికి పిలవకూడదు, తనే వచ్చేదాకా ఆగాలి. జీతం సంగతి ఎత్తకూడదు. పిల్ల గోడ దగ్గరికొస్తే క్రికెట్. రోజూ తొమ్మిదిన్నరకి టీవీ గొంతు తగ్గించాలి.

"మొదటి రోజే చెప్పీసాడు" అన్నారు నాన్న.

"మరి మీరేం అనలేదే?"

"నేనొచ్చి నిన్ను అడగబోతే ఆపీసాడు. 'దానికి నిలబడ్డానికి ఆ అబద్ధం ఒక్కటే ఉంది, లాగీకు. నీకూ ఒక పార్ట్ ఇస్తాను, ఆడు' అన్నాడు. నా పార్టు తప్పినప్పుడల్లా గోడ దగ్గర క్లాసు పీకీవోడు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అయిదు నెలలు నేను తాగాను, గిన్నె పట్టుకుంది వాళ్ళిద్దరూ. బాబాయి మాట తప్పారు. పోట్లాడదామంటే మనిషి లేరు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి పనిలో కూర్చున్నాను. ఇప్పుడున్నది నిజం ఉద్యోగమే, నాన్నకీ తెలుసు. తలుపు వేయలేదు. హాల్లో వార్తలు వస్తున్నాయి. మిల్లు రొదలో చెవులు సగం పోయిన మనిషి, రిమోట్ తీసుకుని గొంతు పూర్తిగా తగ్గించేశారు. కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని, ముందుకు వంగి, వార్తలు చదివే అమ్మాయి పెదాలు చూస్తూ కూర్చున్నారు.