పూజ మర్నాటి వేలిముద్ర

ఏళ్ల తరబడి ఒక వాక్యాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్న వాక్యమే. ఒక మనిషితో నేను అన్నది. ఆయన నమ్మాడు. నమ్మకపోయి ఉంటే, కనీసం నా మీద కేకలేసి ఉంటే, ఈ బరువు ఇంత ఉండేది కాదేమో.

మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి చాలాసార్లు వెనక్కి తగ్గాను. ఒకసారి మా అమ్మ ఎదురుగా కూర్చుని అంతా సిద్ధం చేసుకుని, చివరికి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి లేచిపోయాను.

నేనిప్పుడు జంషెడ్‌పూర్‌లో, సోనారి అనే పేటలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నాను. కింద మందుల షాపు, పైన మేము. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటి వారంలో ఒక పాఠం ఉంటుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి, అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన పాఠం. అక్కడే నాకు మాట తడబడుతుంది.

పిల్లలకి ఎలా చెబుతానంటే, మా నాన్న టాటానగర్ స్టేషన్లో బండి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు కాబట్టి, స్టేషన్ మీద పెట్టి చెబుతాను. మైకులో బండి వస్తోందని చెప్పే ఆవిడ ఉంటుంది కదా, ఆవిడ బండిని చూడదు. గదిలో కూర్చుని ఉంటుంది. సిగ్నల్ కేబిన్ నుంచి కబురొస్తే అదే చెబుతుంది. మనం ఉత్తరం టైపు చేసే ప్రోగ్రాం, ఆటలు, హాజరు వేసే ప్రోగ్రాం, ఇవన్నీ ఆవిడలాంటివి. అప్లికేషన్లు. మనకి కనిపించేవీ వినిపించేవీ అవే. వాటికి స్వయంగా ఏదీ తెలియదు. తెర మీద అక్షరం పడాలన్నా, వేలిముద్ర చదవాలన్నా, ఆఖరికి ఇప్పుడు టైమెంతో తెలియాలన్నా కిందనున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. అది సిస్టమ్ సాఫ్ట్‌వేర్. అది ఇంకా కిందకి వెళ్లి బోర్డు మీదున్న చిన్న గడియారాన్ని అడుగుతుంది. కింది నుంచి ఏ జవాబొస్తే అది పైకి పోతుంది. ఎవరూ గోడ గడియారం వైపు తల తిప్పి చూడరు.

మొన్న ఒక అమ్మాయి హిందీలో అడిగింది. కింద చెప్పిందే తప్పయితే, తప్పు ఎవరిది మేడమ్ అని. తెలుగువాళ్ల పిల్లే, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. నేను తర్వాత చెబుతానన్నాను. బోర్డు తుడిచాను. ఆ రోజే ఇది రాయడం మొదలుపెట్టాను.

అప్పట్లో నేను గోవింద్‌పూర్ వైపు ఒక కాంట్రాక్టరు షెడ్డులో పని చేసేదాన్ని. లారీ బాడీలకి చిన్న చిన్న భాగాలు వెల్డింగ్ చేసే చోటు. గేటు పక్కన ఒక గది, గదికి ఒక కిటికీ, కిటికీలో వేలిముద్ర మిషను. దాని తీగ నా బల్ల మీదున్న కంప్యూటర్‌కి. పనివాళ్లు వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి బొటనవేలు పెట్టాలి. అదే హాజరు. మా నాన్న రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ చెప్పుకునేవాడు, మా అమ్మాయి ఫ్యాక్టరీ మొత్తాన్నీ కంప్యూటర్‌తో నడుపుతోందని. నేను కాదనేదాన్ని కాదు. బాగుండేది వినడానికి.

ఆ కంప్యూటర్‌లో ఒక జబ్బుంది. బోర్డు మీద రూపాయి బిళ్ల అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. మా దాంట్లో అది చచ్చిపోయింది. ప్లగ్గు గోడకి ఉన్నంతసేపూ, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద బండి నడిచేది. ప్లగ్గు పీకితే మాత్రం తేదీ వెనక్కి పోయి, ఎప్పటిదో ఒక సంవత్సరం జనవరి ఒకటో తారీఖు దగ్గర కూర్చునేది. మేనేజర్ నాకు మూడుసార్లు చెప్పాడు, ఆ బ్యాటరీ మార్పించమని. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. రేపు, రేపు అంటూ ఊరుకున్నాను. ప్లగ్గు ఎవరు పీకుతారులే అనుకున్నాను.

జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, విశ్వకర్మ పూజ నాడు ఏ మిషనూ తిరగదు. కడిగి, తుడిచి, బొట్టు పెట్టి, పూలదండ వేసి, కరెంటు తీసేసి కూర్చోబెడతారు. ఆ ఒక్కరోజు వాటికి సెలవు. నా కంప్యూటర్ మాత్రం మిషను కాదా? నేనే తెరకి కుంకుమ పెట్టాను. నేనే ప్లగ్గు పీకాను. చేతులారా.

మర్నాడు ఆటో దొరక్క ఆలస్యంగా వెళ్లాను. వెళ్లేసరికి కిటికీ ముందు సింహాచలం మావ నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లుగా అక్కడ వెల్డర్. మాలాగే ఆయనదీ శ్రీకాకుళం వైపే, వరస కలిపి మావా అనేదాన్ని. ఎప్పుడూ అందరికంటే ముందొచ్చేవాడు. అందరికంటే ముందు రావడమే ఆయనకి శాపమైంది. ప్లగ్గు పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాను, ప్రోగ్రాం తెరిచాను, ఆయన వేలు పెట్టాడు, కీక్‌మంది. ముందురోజు నేను తొందరగా వెళ్లిపోయానని నా వంతు బూంది ప్రసాదం కాగితంలో కట్టి దాచి ఉంచాడు. కిటికీలోంచి అందించి లోపలికి వెళ్లిపోయాడు. బూంది నోట్లో వేసుకుంటూ తెర మూలకి చూశాను. జనవరి ఒకటి.

రెండో మనిషి వేలుని అడ్డుకుని, తేదీ సరిచేసి, మిగతావాళ్లందరికీ సరిగ్గానే వేయించాను. లోపలికి వెళ్లిపోయిన ఆయన్ని వెనక్కి పిలవడానికి బద్ధకించాను, తేడా పడింది ఒక్క ఆయనకే. సాయంత్రం వెళ్లేటప్పుడు వేలు పెట్టాడు, నిజమే. కానీ వచ్చిన గుర్తు లేకుండా వెళ్లిన గుర్తు ఒక్కటే ఉంటే ఆ ప్రోగ్రాం దాన్ని గైర్హాజరు కిందే వేసుకుంటుంది.

చేత్తో సరిచేయవచ్చు. దానికి మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి. కారణం అని ఒక గడి ఉంటుంది, అందులో రాయాలి. ఏం రాయను? మీరు మూడుసార్లు చెప్పినా నేను బ్యాటరీ మార్చలేదని రాయనా? రేపు చెబుదాంలే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మర్చిపోవాలని గట్టిగా కోరుకుంటే మర్చిపోవడం పెద్ద కష్టం కాదు. మర్నాడే మాత్రం వెళ్లి కొత్త బ్యాటరీ కొని వేయించాను. అది మర్చిపోలేదు చూశారా.

ఆ నెలాఖరున జాబితా వచ్చింది. ఏడాదిలో చెప్పకుండా ఒక్కరోజు కూడా మానని వాళ్లని, నలభై అయిదేళ్లు దాటని వాళ్లని, కొందరిని పర్మినెంట్ చేసేవారు. కాంట్రాక్టు వాళ్లకి మెడలో గుర్తింపు కార్డుకి పసుపు పట్టీ, పర్మినెంట్ వాళ్లకి నీలం పట్టీ. పసుపు పట్టీ వాడిని ఏ రోజైనా గేటు దగ్గర ఆపేసి రేపట్నుంచి రావద్దనొచ్చు. నీలం పట్టీ వాడిని అలా అనలేరు. సింహాచలం మావకి ఆ ఏడుతో నలభై అయిదు నిండుతున్నాయి. అదే చివరి అవకాశం. జాబితాలో ఆయన పేరు లేదు.

మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. అయోమయంగా వచ్చాడు.

"పాపా, పూజ మర్నాడు నాను రాలేదంట. ఏటిది? సూడు ఓపాలి."

చూసినట్టు నటించాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు. వెనక మేనేజర్ కూర్చుని ఉన్నాడు. "మిషన్ ఝూఠ్ నహీ బోల్తీ," మిషను అబద్ధం చెప్పదు అన్నాడు, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

"సిస్టమ్‌లో లేదు మావా," అన్నాను.

"అదేటి? నువ్వే కదా తలుపు తీసినావు. నీకు బూంది అందించినాను కాదేటి, కాగితంలో కట్టి?"

అప్పుడన్నాను ఆ మాట.

"అది పూజనాడే కదా మావా ఇచ్చినావు."

ఆయన నా వైపు చూశాడు. వెతుకుతున్నట్టు చూశాడు. నా మొహంలో కాదు, తన బుర్రలో. మెల్లగా తల ఊపాడు.

"అయితే నానే తప్పు సెప్తన్నానేమో. నువ్వూ ఆ మిషనూ ఒకటే సెప్తన్నప్పుడు... నాకే మతి తప్పుతున్నాదమ్మా."

వెళ్లిపోయాడు.

ఇంతసేపూ మీకు బ్యాటరీ గురించీ ప్లగ్గు గురించీ చెప్పాను. చదివితే నాకే కనిపిస్తోంది, తప్పుని వాటి మీదికి తోస్తున్నానని. ఆ ప్రోగ్రాం అబద్ధం ఆడలేదు. కింది వాళ్లని అడిగింది, వాళ్లు చెప్పింది రాసుకుంది. గడియారం అబద్ధం ఆడలేదు. దానికి ప్రాణం లేక మొదటికొచ్చింది. తెలిసి అబద్ధం ఆడింది ఆ గదిలో నేనొక్కదాన్నే. ఆయన అడిగింది మిషన్ని కాదు, నన్ను. నేను ఆయన జ్ఞాపకంలో చెయ్యి పెట్టి తేదీ మార్చేశాను.

ఎందుకు? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదేమో, చీవాట్లతో సరిపోయేదేమో. మా నాన్న క్వార్టర్స్‌లో తలెత్తుకోలేడనా? ఆ ఒక్క నిమిషం గడిస్తే చాలనుకున్నాను, అంతే. అంత చిన్న కారణానికి అంత పని చేశానని ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

తర్వాత ఆయన మారిపోయాడు. రోజూ వేలు పెట్టి అక్కడే నిలబడేవాడు. పడిందా పాపా అనేవాడు. పడింది మావా అంటే, మళ్లీ సూడు అనేవాడు. కొన్నాళ్లకి జేబులో చిన్న పుస్తకం పెట్టుకోవడం మొదలుపెట్టాడు, వచ్చిన ప్రతి రోజుకీ అందులో ఒక గీత. వెనకున్న మనిషిని పిలిచి, నేనొచ్చినట్టు చూశావు కదా అని అడిగేవాడు. కుర్రాళ్లు నవ్వేవారు. నేను తల వంచుకుని కీబోర్డు తుడిచేదాన్ని. వెల్డింగ్ మిషను ఆపానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాడట. ఇంట్లో ఏ చిన్న విషయానికైనా భార్యనే అడుగుతున్నాడట, తన మాట మీద తనకి నమ్మకం లేదని. ఆవిడే నాకు టాటానగర్ బజార్లో చెప్పి కళ్లు తుడుచుకుంది. డాక్టరుకి చూపించమని నేను సలహా ఇచ్చాను. అవును, ఆ సలహా నేనే ఇచ్చాను.

రెండేళ్లకి పాత కంప్యూటర్ తీసేశారు. హాజరు లెక్కలన్నీ కొత్తదానికి మార్చే పని నాకిచ్చారు. పాత జాబితా పైనుంచి తెరిస్తే మొదటి వరసలోనే ఉంది. ఎప్పటిదో ఆ జనవరి ఒకటి. ఆ తేదీనాటికి ఆ షెడ్డు కూడా లేదు, ఆ స్థలంలో పొదలుండి ఉంటాయి. ఆ రోజుకి ఎదురుగా ఒకటే పేరు. సింహాచలం, హాజరు. ఇంకెవరూ రాలేదు. అప్పటికి ఇంకా పుట్టని కంపెనీలో ఆయన ఒక్కడే డ్యూటీకి వచ్చి నిలబడి ఉన్నాడు.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ వరసని ప్రింటు తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాను. మేనేజర్‌కి చూపించలేదు, మావకీ చూపించలేదు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను. ఎవరూ మానమనలేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. ఆయన ఇంకా గోవింద్‌పూర్‌లోనే ఉన్నాడు. పసుపు పట్టీ కూడా పోయింది, ఒక గోడౌన్ దగ్గర కాపలా ఉంటున్నాడు. స్కూటీ మీద అరగంట దూరం. వెళ్లి ఇస్తానా? ఇస్తానని రాస్తే మీరు నన్ను కాస్త మంచిదాన్ననుకుంటారు. అందుకని రాయను. ఇచ్చినా ఇప్పుడు నీలం పట్టీ రాదు. ఆయన వయసూ వెనక్కి రాదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు.

కానీ ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అది దాచను. ఆ అమ్మాయికి రేపు జవాబు చెప్పాలి. ఏది తప్పో తెలిసి కూడా ఊరుకున్న వాళ్లదే తప్పు అని చెబుతాను. ఎలా తెలుసు మేడమ్ అని అడిగితే ఏం చేస్తానో తెలియదు.

ఆ రోజు కిటికీ దగ్గర అనవలసిన మాట మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

అవును మావా. పూజ మర్నాడు నువ్వొచ్చినావు. అందరికన్నా ముందొచ్చినావు. బూంది ఆ రోజే ఇచ్చినావు. నీ మతి తప్పలేదు. నాను సూసినాను.