మావయ్యగారు తగిలించిన ఎర్ర ట్యాగు

మా మావయ్యగారు పోయారు. మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. నేను ల్యాబులో చేతులకు గ్లవుజులతో అలాగే నిలబడిపోయాను. ఏం అడగాలో తెలియక, "ఆఖరున ఏమైనా అన్నారా?" అని అడిగాను. "'గీజరు ఆపీసేరా?' అని అడిగారు" అని చెప్పి, ఏడుపు ఆపుకోలేక ఫోను పెట్టేశారు. నాకు ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. ఉద్యోగమంతా ఉక్కు ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ విభాగంలో చేసిన మనిషి, వెళ్లిపోతూ స్విచ్చి సంగతి కాక మరింకేం అడుగుతారు?

ఆ ఉదయం నన్ను ల్యాబుకి తరిమింది కూడా ఆయనే. "ఇక్కడ కూకుని నా మొకం సూత్తే ఏటొత్తాది? ఎల్లమ్మా, ఎల్లు" అన్నారు. వెళ్లాను. వెళ్లినందుకు నా మీద నాకు కోపం లేదు. పంపినందుకు ఆయన మీద మాత్రం ఇంకా కొంచెం ఉంది.

మాది గోదావరి వైపు. మా నాన్నగారి పోర్టు ఉద్యోగం వల్ల విశాఖ వాళ్లమయ్యాం. పేగు క్యాన్సర్ ఎలా పెరుగుతుంది, ఎలా పాకుతుంది అన్న దాని మీద పరిశోధన మొదలుపెట్టిన ఏడాదికి, గాజువాకలో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో నాకు ఇంట్లో మనుషులకంటే ముందు అర్థం చేసుకోవాల్సి వచ్చింది ఎర్ర ట్యాగుని.

ఫ్యాక్టరీలో ఒక మనిషి యంత్రంలోపలికి దిగి పని చేయాలంటే ముందు దాని కరెంటు తీసేసి, స్విచ్చికి ఎర్ర ట్యాగు తగిలిస్తారు. "మనుషులు పని చేస్తున్నారు. స్విచ్ వేయరాదు" అని ఉంటుంది దాని మీద. కింద తగిలించినవాడి పేరు. ఎవరు తగిలించారో వాళ్లే తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ముట్టుకోకూడదు. మావయ్యగారు రిటైరయ్యారు గానీ ట్యాగు రిటైరవలేదు. అట్టముక్కలు కోసి, ఎర్ర రంగు వేసి, కన్నం పొడిచి, దారం కట్టి ఒక డబ్బా నిండా పెట్టుకున్నారు. మిక్సీ విప్పితే ట్యాగు. ఫ్యాను తుడిస్తే ట్యాగు. అత్తగారు సీరియల్ చూడబోతే టీవీ ప్లగ్గుకి ట్యాగు.

"టీవీ బాగానే ఉంది కదేటి?" అనేది ఆవిడ.

"బాగుందో నేదో నాను సెప్పాల" అనేవారు ఈయన.

ఒకసారి చందనోత్సవం నాడు పొద్దున్నే మా బిల్డింగు నీళ్ల మోటారు శుభ్రం చేసి, దానికి ట్యాగు తగిలించి, తీయడం మరిచిపోయి సింహాచలం వెళ్లిపోయారు. క్యూలో ఆయన, ట్యాంకులో నీళ్లు లేక మేము. మోటారు లక్షణంగా ఉందని అందరికీ తెలుసు. కానీ మా బిల్డింగులో సగానికి సగం ఆ ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాళ్లే. పై అంతస్తు ఆయన ఒంటినిండా సబ్బుతో, తువ్వాలు బిగించుకుని మెట్లు దిగి వచ్చి, మోటారు ముందు నిలబడి, ట్యాగు మీద పేరు చదివి, నిట్టూర్చి, మళ్లీ మెట్లెక్కిపోయారు. స్విచ్చి వేయడానికి ఒక్కరి చెయ్యీ రాలేదు. సాయంత్రం మావయ్యగారు నుదుటి మీద చందనంతో దిగగానే అందరూ కలిసి తిట్టారు. ఆయన మాత్రం పొంగిపోయారు. "సూసేవా అమ్మా, డిసిప్లినంటే అదీ!"

ఈ మనిషికి నా పరిశోధన చెప్పాల్సి వచ్చింది ఒక సాయంత్రం. బాల్కనీలో ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చున్నారు.

"ఇంతకీ నువ్వు సదివేదేటమ్మా?"

"ఒంట్లో కణాలను పెరగమని చెప్పే జన్యువులు కొన్ని, ఇక చాలు ఆగమని చెప్పేవి కొన్ని ఉంటాయి మావయ్యగారూ. పేగు క్యాన్సర్లో చాలాసార్లు ఆ ఆగమని చెప్పే జన్యువు పాడైపోదు. బాగానే ఉంటుంది. దాని మీద ఒక రసాయనం మీ ట్యాగులాగే అంటుకుంటుంది. దాంతో అది నోరు మూసుకుంటుంది. ఆగమనేవాడు లేక కణాలు ఇష్టమొచ్చినట్టు పెరిగిపోతాయి."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు. "ట్యాగు ఏసినోడెవడు?"

"ఎవరూ ఉండరు. ఒంట్లోనే జరిగే తప్పు అది."

"పేరు రాయలేదా?"

"లేదండీ."

"పేరు నేకుండా ట్యాగేటి? సేఫ్టీ రూల్సుకి ఇరుద్దం కదా!" అని లేచి నిలబడ్డారు. క్యాన్సర్ మీద లేని కోపం ఆయనకు పేరు లేని ట్యాగు మీద వచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా గొణుగుతూనే ఉన్నారు.

నా పనిలో రెండో సగం మర్నాడు చెప్పాను. కణాలను ఉన్నచోట ఉండనివ్వకుండా పక్కకు నడిపించే జన్యువు ఒకటుంది. దాన్ని నేనే నోరు మూయిస్తాను. చిన్న చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు కణాల్లోకి పంపితే, ఆ జన్యువు నుంచి వచ్చే ఆర్డరు పనిలోకి వెళ్లకుండానే మధ్యలో చిరిగిపోతుంది. అది పనిచేసిందో లేదో చూడటానికి, గాజుపళ్లెంలో పరుచుకున్న కణాల మధ్య ఒక గీత గీస్తాం. మామూలు కణాలైతే అటూఇటూ నుంచి పాకి వచ్చి గీతను నింపేస్తాయి. నోరు మూయించిన పళ్లెంలో గీత అలాగే ఉండాలి.

"అంటే బ్రేకు మీద ట్యాగు తియ్యాల, ఏక్సిలేటరు మీద ట్యాగు ఎయ్యాల. దీనికి పీహెచ్‌డీ ఎందుకమ్మా, ఐటీఐ సాలదేటి?" అన్నారు మావయ్యగారు.

ఆ రోజు నుంచి నేను ద్వారకా నగర్ కాంప్లెక్సులో బస్సు మారి, చెమటలు కక్కుతూ గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకటే ప్రశ్న: "గీత నిండీసిందేటి?" నిండలేదంటే ఇంటిల్లిపాదికీ బెల్లం జీళ్లు పంచేవారు. నిండిందంటే పరామర్శకు వచ్చినవాడిలా నా పక్కన కూర్చునేవారు.

తర్వాత ఆయనకే విరేచనంలో రక్తం పడటం మొదలైంది. మొలలని చెప్పి కొన్నాళ్లు దాటేశారు. నేను ఊరుకోలేదు, రోజూ పోట్లాడాను. పెద్దపేగులోకి గొట్టం వేసి చూసే పరీక్షకు చివరికి సరేనన్నారు. పరీక్షకు ముందు పేగు ఖాళీ అవడానికి ఒక మందునీళ్లు తాగించారు. గంట గడవకుండానే మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బాత్రూం తలుపుకి ఎర్ర ట్యాగు వేలాడింది: "మనుషులు పని చేస్తున్నారు." ఆ పూటంతా మేము పక్కింటి వాళ్ల దయ మీద బతికాం.

నేను భయపడిందే అయింది, పేగు క్యాన్సరే. ఆపరేషన్ చేశారు. తేరుకుని, మళ్లీ మోటారు దగ్గర పెత్తనం మొదలుపెట్టారనుకునేలోపు కాలేయంలో మచ్చలు కనిపించాయి. స్కాను చూసి డాక్టరు గారు మాటలు వెతుక్కుంటుంటే, మావయ్యగారే అందుకున్నారు. "అంటే నాలో గీత నిండీసింది. అంతే కదండీ?" డాక్టరు గారు అర్థం కాక నా వైపు చూశారు. నేను తల ఎత్తలేకపోయాను.

అప్పటికి నా థీసిస్ సగంలో ఉంది. ఇల్లేమో చూడటానికి వచ్చే చుట్టాలతో నిండిపోయింది. ఆనందపురంలో ఉండే మావయ్యగారి చెల్లెలు వంకాయలూ బెండకాయలూ మోసుకుని, వెంట నలుగురిని వేసుకుని వచ్చేది. "కోడలేదీ? కాఫీ ఎట్టమను" అనేది కూర్చుంటూనే. అత్తగారు నన్ను పిలిచేది. నేను రాస్తున్న వాక్యాన్ని మధ్యలో వదిలేసి లేచేదాన్ని. ఒకరోజు కాఫీలు ఇచ్చి వచ్చేసరికి నా గది తలుపు గొళ్లానికి ఎర్ర ట్యాగు ఉంది. "కోడలు పని చేస్తోంది. పిలవరాదు." కింద మావయ్యగారి సంతకం.

"ఇదేటండీ, ఆడపిల్ల గదికి ఈ అట్టేటి?" అని అత్తగారు లేచింది.

"దాని ల్యాబు ఫ్రిజ్జులో మందుంది. నా రోగానికే. థీసిస్ రాసీసిందంటే అది బయటికొచ్చీద్ది. మరి కాఫీ ఎట్టిత్తావా, నన్ను బతికిత్తావా?"

అత్తగారు నన్ను పిలవడం మానేసింది. ఆ మాట ఆనందపురం దాకా పాకింది. చెల్లెలుగారు ఈసారి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "ఆ మందు గ్యాసుకి కూడా పని సేత్తాదేటమ్మా?" అని అడిగింది. మర్నాటి నుంచి మావయ్యగారే కాఫీ గ్లాసు తెచ్చి, తలుపు బయట నేల మీద పెట్టి, పైన సాసరు మూసి, ఒక్కసారి దగ్గి వెళ్లిపోయేవారు. పని జరిగే చోట తలుపు కొట్టకూడదట.

నేను మాత్రం ఆ కాఫీ సగం వదిలేసేదాన్ని. ఆయన నిజంగానే ఆ మందు మీద ఆశ పెట్టుకున్నారేమోనని భయం. ఒక మధ్యాహ్నం కీమో అయి వచ్చి పడుకుని ఉండగా పక్కన కూర్చుని చెప్పేశాను. "మావయ్యగారూ, నా పని పళ్లెంలో ఉన్న కణాల మీద. మనిషి దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో, అసలు వస్తుందో రాదో నాకే తెలీదు. ఆ ఫ్రిజ్జులో మీకు మందు లేదండీ." చెబుతూనే ఏడ్చేశాను.

"సెప్పీసినావా? అమ్మయ్య! ఎప్పుడు సెప్తావా అని సూత్తన్నాను" అన్నారాయన. "మోటారు టెస్టు బెంచీ మీద తిరిగితే మిల్లు తిరిగినట్టేటి? అంత ఎర్రోడినా నాను?"

"మరి అందరికీ అలా ఎందుకు చెప్పారు?"

"అలా సెప్తేనే గాని మీ అత్త నిన్ను వంటింట్లోకి పిలడం మానదు. దానికి సెప్పకు, నొచ్చుకుంతాది."

అంతకంటే పెద్ద కుట్ర మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా నాన్నగారి మీద నాకెంత ప్రేమో ఆయన మీదా అంతే, ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

ఆయన కోరిక ఒక్కటే. థీసిస్ పూర్తయ్యాక అందరి ముందూ జరిగే వైవాకి తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చోవాలి. "ప్రశ్న ఎవులైనా అడగొచ్చా?" అన్నారు. అడగొచ్చన్నాను. "అయితే నా కాడ ఒకటుంది." ఏమిటో చెప్పమంటే, "ఇప్పుడే సెప్తే లీకైపోద్ది" అనేవారు. బతిమాలాను, అలిగాను, జీళ్లు కొనిచ్చాను. లాభం లేకపోయింది. ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగానే ఆయన వెళ్లిపోయారు. చొక్కా ఇస్త్రీ చేసి బీరువాలో అలాగే ఉంది.

పదకొండో రోజు ఇల్లంతా జనం. వడ్డనలు జరుగుతుండగా ఆనందపురం ఆవిడ నా గది ముందు ఆగింది. "వదినా, అన్నియ్య ఎల్లిపోనాడు. మందూ నేదు, ఏటీ నేదు. ఇంకా ఈ అట్టెందుకు?" అంటూ గొళ్లం మీదికి చెయ్యి చాచింది.

"ముట్టీకు!" అత్తగారి అరుపుకు వంటమనిషి చేతిలో గరిటె జారింది. "ఏసినోడే తియ్యాల. నీకంత తొందరైతే మీ అన్నియ్యని పిలు."

చెల్లెలుగారు చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను గబగబా అత్తగారి దగ్గరికి వెళ్లి, "అత్తయ్యా, ఆ మందు సంగతి..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలీదేటి? ఆయన అబద్దమాడితే సెవులు ఎర్రగా అయిపోతాయి. పెల్లైన కాడ్నించీ సూత్తన్నాను."

"మరి నన్నెందుకు పిలవడం మానేశారు?"

"పేనం బాగోకపోయినా అంత కట్టపడి అబద్దమాడతన్నాడు. మద్దిలో నానెందుకు సెడగొట్టడం?" అని కొంగుతో ముక్కు తుడుచుకుని, మజ్జిగ ఎవరికి అందలేదో చూడటానికి వెళ్లిపోయింది.

మొన్న ఆఖరి అధ్యాయం రాస్తూ కూర్చుని ఉన్నాను. తలుపు బయట ఒక్కసారి దగ్గు వినిపించింది. పరిగెత్తి తలుపు తీస్తే నేల మీద కాఫీ గ్లాసు, పైన సాసరు. అత్తగారు అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది. ఆవిడకు దగ్గు లేదు, జలుబూ లేదు.

"అత్తయ్యా, వైవాకి మీరు రావాలి" అన్నాను.

"ఒత్తాను. ముందు వరసలో కూకుంతాను. మీ మావ పెశ్న అడగాల కదా."

"ఆ ప్రశ్న మీకు తెలుసా? ఏమిటండీ అది?"

ఆవిడ వెనక్కి వచ్చి, నన్ను లోపలికి తోసి, తలుపు మూసేసింది.

"ఇప్పుడే సెప్తే లీకైపోద్ది" అంది బయటి నుంచి.

ఆవిడ అడుగుల చప్పుడు వంటింట్లోకి వెళ్లిపోయాక కూడా, గొళ్లానికి ఆ ఎర్ర ట్యాగు ఊగుతూ తలుపుకి టకటకా తగులుతూనే ఉంది.