మా అత్తయ్యగారు రద్దు చేయించిన కార్డు

మా అత్తయ్యగారు తెలుగు టీచరుగా రిటైరయ్యారు. ఆవిడ పింఛను పడే అమలాపురం బ్యాంకులో ఒకరోజు కౌంటర్లో అమ్మాయి క్రెడిట్ కార్డు తీసుకోమని బతిమాలింది. తనకి టార్గెట్ ఉందట. అవసరం లేకపోయినా ఆవిడ సంతకం పెట్టి వచ్చారు.

"పాపం, వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెడతాది. కాదని ఎలా అంటానమ్మా" అన్నారు నాతో.

కార్డు బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఒక్కసారీ వాడలేదు. కొన్నాళ్ళకి దానికి ఏదో బీమా చేయించామని, ఆ డబ్బు సమయానికి కట్టలేదు కాబట్టి జరిమానా వేశామని మెసేజీ వచ్చింది. ఆ బీమా మేమెవ్వరం అడగలేదు.

వంట ముగించి, కార్డువాళ్ళ కస్టమర్ కేర్‌కి చేసి, ఫోను స్పీకర్లో పెట్టుకుని ఇద్దరం మంచమ్మీద కూర్చునేవాళ్ళం. మొదటిసారి ఒకటి నొక్కి, మూడు నొక్కి, పాట విని విని విసిగాక ఒకమ్మాయి పలికింది.

"ఆయ్, నమస్కారమమ్మా. భోంచేసేరా?" అన్నారు అత్తయ్యగారు.

"ఇంకా లేదండి" అంది ఆ అమ్మాయి.

"అయ్యో, అయితే తొందరగా చెప్పేస్తాను."

వారంలో సరిచేస్తామంది. చేయలేదు. మళ్ళీ చేస్తే ఇంకో అబ్బాయి, మళ్ళీ కథ మొదటినుంచి. ఓసారి నేను ఫోను లాక్కుని అరిచాను. ఆవిడ మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, "ఆ పిల్లాడేం చేస్తాడమ్మా. వాళ్ళు రాసిచ్చింది చదువుతున్నాడు" అన్నారు.

ఆ తర్వాత వసూళ్ళవాళ్ళ ఫోను వచ్చింది. "ఎగ్గొడదామనుకుంటున్నారా?" అన్నాడొకడు. కిరాణా కొట్లో రేపు ఇస్తానని ఏనాడూ అనని మనిషి ఆవిడ. ఫోను పెట్టేశారు. ఆ పూట ప్రార్థన చేసుకున్నారు గాని అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గంజి పెట్టిన నేతచీర కట్టుకుని, "బండి తియ్యమ్మా, బ్యాంకుకెళ్దాం" అన్నారు.

మేనేజరుగారు మర్యాదగానే విన్నారు. "కార్డుల వ్యవహారం మా చేతుల్లో ఉండదండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యాలి" అన్నారు.

"చాలాసార్లు చేసేమండి. ఈసారి మీరు చెయ్యండి, మేం కూర్చుంటాం."

ఆయన మొహమాటపడి చేశారు. అదే పాట. హాల్లో జనం ఇటే చూస్తున్నారు. మధ్యలో లైను తెగిపోయింది. మళ్ళీ చేశారు. ఎట్టకేలకు ఎవరో పలికి, కార్డు మీది కాదు కాబట్టి మీతో మాట్లాడలేమన్నారు.

"నేను బ్రాంచ్ మేనేజర్నండి."

"సారీ సర్."

ఆయన ఫోను బల్లమీద పెట్టి మావైపు చూశారు. ముందు నవ్వింది అత్తయ్యగారే. తర్వాత ఆయనా నవ్వేశారు. మా ముందే పై ఆఫీసుకి మెయిల్ రాశారు. ఆ తర్వాత కూడా రోజూ వాళ్ళ వెంటపడ్డారని కౌంటర్లోవాళ్ళు చెప్పారు.

నెలలోపే కార్డు రద్దయింది. బీమా, జరిమానా రెండూ తీసేశామని రెండు ముక్కల మెసేజీ వచ్చింది. అందులో క్షమించమన్న మాట లేదు. డబ్బు కన్నా ఆవిడ ఎదురుచూసింది ఆ మాట కోసమే. నాకు ఒళ్ళు మండింది.

కృతజ్ఞత చెబుదామని ఆవిడ మళ్ళీ బ్యాంకుకి వెళ్తానంటే తీసుకెళ్ళాను. మేనేజరుగారు లేచి నిలబడి, "మా బ్యాంకు తరఫున నేను సారీ చెప్తున్నానండి" అన్నారు.

"మీరెందుకండీ, మీరూ మాతోపాటు లైన్లో ఉన్నోరేగా" అన్నారు అత్తయ్యగారు. అన్నారే గాని, ఆవిడ మొహం తేటపడింది.

బయటికొచ్చాక నేను ఇంకా సణుగుతూనే ఉన్నాను. ఆవిడ నా భుజం తట్టి, "నీకు ఎండ తగిలినట్టుందమ్మా, నిమ్మసోడా తాగుదాం పద" అన్నారు.